సైకాలజీ పేర్లు, సంవత్సరాలు: నేను చదివిన పద్ధతి

టెట్, డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్న మిత్రులకు నమస్తే. ఎస్జీటీగా (ప్రాథమిక తరగతుల టీచర్‌గా) సెలెక్ట్ అయ్యాక నన్ను చాలామంది అడుగుతున్నది ఒకటే: "సైకాలజీలో అన్ని పేర్లు, సంవత్సరాలు ఎలా గుర్తుంటాయి?" టెట్‌లో 150కి 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీవే కాబట్టి ఆ టెన్షన్ సహజం.

నేను పట్టికలు బట్టీ పట్టలేదు. ఒక్కో శాస్త్రవేత్త ఎవరి మాట కాదన్నాడు, ఎందుకు కాదన్నాడు అని చూసుకుంటూ చదివాను. 1879లో లీప్‌జిగ్‌లో ఊంట్ ప్రయోగశాల పెట్టి అంతఃపరిశీలన చేయించాడు. ఎవరి మనసులోకి వాళ్లే చూసుకుని చెప్పేది శాస్త్రం ఎలా అవుతుందని 1913లో వాట్సన్ అడ్డం తిరిగాడు. బయటికి కనిపించే ప్రవర్తనే చదవాలన్నాడు. స్కిన్నర్ అదే దారిలో ఇంకా ముందుకెళ్లి, 1957లో భాషను కూడా పునర్బలనంతోనే (మెప్పు, బహుమతి లాంటివి ఇచ్చి ప్రవర్తనను బలపరచడంతోనే) వివరించాడు. రెండేళ్లకే, 1959లో, చామ్‌స్కీ ఆ పుస్తకాన్ని తన సమీక్షలో ఎండగట్టాడు. పిల్లలు ఎన్నడూ వినని వాక్యాలు సొంతంగా కట్టేస్తారు కదా, వాటికి పునర్బలనం ఎక్కడిది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే ప్రవర్తనావాదం నుంచి, మనసులో జరిగే ఆలోచనను చదివే సంజ్ఞానాత్మక వాదానికి ఎలా మళ్లారో అర్థమైపోతుంది. మనసు ఒకేసారి పట్టుకోగలిగేవి ఏడు, అటూ ఇటూ రెండు అన్న మిల్లర్ 7±2 వ్యాసం (1956), పెద్దలు బొమ్మను కొట్టడం చూసి పిల్లలూ కొడతారని చూపిన బండూరా బోబో బొమ్మ ప్రయోగం (1961) కూడా ఆ మలుపు దగ్గరివే.

అందరూ ఎక్కువ తికమకపడేది, పిల్లలు ఇతరులతో కలిసి నేర్చుకుంటారన్న వైగాట్‌స్కీ దగ్గర. ఆయన, పిల్లల ఆలోచనకు దశలు చెప్పిన పియాజె ఇద్దరూ 1896లోనే పుట్టారు. పియాజె 1980 దాకా బతికాడు. వైగాట్‌స్కీ మాత్రం క్షయతో 1934లో, 37 ఏళ్లకే పోయాడు. ఆ తర్వాత సోవియట్ దేశంలో ఆయన రచనలను చాలా ఏళ్లు తొక్కిపెట్టారు. ఇంగ్లీషులోకి ఒక పుస్తకం 1962లో, ఇంకొకటి 1978లో వచ్చాయి. అందుకే 1930ల మనిషి ఆలోచన మన పాఠాల్లో కొత్త సిద్ధాంతంలా కనిపిస్తుంది. 2005 జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం నిర్మాణాత్మక వాదం (పిల్లలు జ్ఞానాన్ని తామే కట్టుకుంటారనే వాదం) వైపు మొగ్గడంతో మనకూ ఆయన మరీ ముఖ్యమయ్యాడు.

ప్రశ్న కూడా సన్నివేశంగానే వస్తుంది. రవి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఒంటరిగా చేయలేకపోతున్నాడు. టీచర్ మొదటి మెట్టు చూపిస్తే మిగతాది తానే చేశాడు. ఒంటరిగా చేయలేనిది, సాయంతో చేయగలిగేది, ఆ మధ్య జాగానే వైగాట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం. టీచర్ అందించిన ఆసరాకు స్కఫోల్డింగ్ అనే పేరు మాత్రం వైగాట్‌స్కీది కాదు, 1976లో ఉడ్, బ్రూనర్, రాస్ వాడింది. ఇక్కడ జాగ్రత్త.

ప్రజ్ఞ ఒకటి కాదు, చాలా రకాలన్న గార్డ్‌నర్ బహుళ ప్రజ్ఞలు 1983. మొదట చెప్పినవి ఏడే, ప్రకృతి సంబంధ ప్రజ్ఞ తర్వాత చేరింది. ఉద్వేగాత్మక ప్రజ్ఞ మీద మేయర్, సాలోవే వ్యాసం 1990, గోల్‌మన్ పుస్తకం 1995. వీటికి ఇంతకంటే టైమ్ పెట్టక్కర్లేదు.

టైమ్ పెట్టాల్సింది కోల్‌బర్గ్, గిల్లిగన్‌ల మీద. నాకు మొత్తం సిలబస్‌లో ఇష్టమైన చోటు ఇదే. కోల్‌బర్గ్ నైతిక దశలను (మంచిచెడులు తేల్చుకునే తీరు ఎదిగే మెట్లను) మొదట కట్టింది షికాగోలో 72 మంది మగపిల్లల జవాబుల మీద. హార్వర్డ్‌లో ఆయనతో పనిచేసిన కేరల్ గిల్లిగన్ 1982లో ఆడపిల్లల మాటేమిటని అడిగింది. భార్యను బతికించుకోవడానికి హీంజ్ మందు దొంగిలించాలా అన్న ప్రశ్నకు జేక్ అనే పదకొండేళ్ల అబ్బాయి, ఆస్తి కంటే ప్రాణం ఎక్కువ కాబట్టి దొంగిలించాలన్నాడు. అదే వయసున్న ఎమీ అనే అమ్మాయి, దొంగతనం వద్దంది. హీంజ్ జైలుకెళ్తే భార్యను చూసేదెవరు, అందరూ కూర్చుని మాట్లాడుకుంటే వేరే దారి దొరుకుతుంది కదా అంది. కోల్‌బర్గ్ కొలతలో ఎమీ కింది దశలో పడింది. ఆమె మాట తక్కువది కాదు, సంరక్షణ వైపు నుంచి వచ్చిన మాట అని గిల్లిగన్ వాదించింది. కోల్‌బర్గ్ కొలతలో ఆడ, మగ తేడా పెద్దగా లేదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అయినా ఆ ప్రశ్న అడగడమే పెద్ద పని అని నా అభిప్రాయం. మన క్లాసుల్లోనూ ఎమీలాంటి జవాబు చెప్పే పిల్లలు ఉంటారు.

కోల్‌బర్గ్ పాఠం ఇంకా మొదలుపెట్టకపోతే, ఆరు దశల పేర్లు చూడకముందే హీంజ్ కథ చదివి మీ జవాబు, కారణంతో సహా నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత దశలు చదివి, అది ఎక్కడ పడుతుందో మీరే పెట్టి చూడండి.