వేలెడు ప్రాణిని వేలెడుగానే చూపించడానికి నేను పడిన శ్రమ

పొదలకూరు దగ్గర మా పెదనాన్న గారి నిమ్మతోటలో, కార్తీక మాసపు వానలకు పాదులు నిండిన ఒక ఉదయం, పశువుల ఎరువు పక్కన పాకుతున్న గుడ్డిపామును, చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా చూపించే మాక్రో లెన్సుతో ఫొటో తీశాను. పొలుసుల మెరుపూ, చర్మం కింద చుక్కల్లా ఉండే కళ్లూ చక్కగా వచ్చాయన్న తృప్తితో దానిని తెలిసినవారందరి ఫోన్లకు పంపించాను. వారం తిరగకముందే తోటను చూసుకునే పెద్దమ్మ, "అబ్బయా, నీ ఫొటోలో పాముకు పిల్ల పుట్టినట్టుంది, తొట్టి దగ్గర కనబడితే కొట్టేశాం" అని చెప్పింది. వెళ్లి చూస్తే అది పిల్ల కాదు. బెత్తెడు పొడవుకు ఎదిగిన, చీమల గుడ్లూ చెదపురుగులూ తిని బతికే, ఎవరికీ హాని చేయని అదే గుడ్డిపాము. తప్పు ఆమెది కాదు, కొలత లేకుండా తెర నిండా పామును చూపించిన నాది.

ఈ పామును పేరుతో గుర్తు పట్టించడమూ కష్టమే. 1796లో వెలువడిన, స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రసెల్ రాసిన సర్పగ్రంథంలో విశాఖపట్నం నుంచి 'రెండు తలల పాము' అన్న తెలుగు పేరుతోనే ఇది నమోదైంది, కానీ నేడు ఆ పేరు వింటే మనకు చేతి మందాన ఉండే మరొక పాము గుర్తుకు వస్తుంది.

అసలు పరిమాణం తెలిసేలా, మొదట ప్రాణి పక్కన రూపాయి నాణెం పెట్టాలనుకున్నాను. 2008లో బార్బడోస్ దారపు పామును అమెరికా నాణెం మీద చుట్టగా ఉంచి తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అయితే మా ఇంట్లో దొరికిన మూడు రూపాయి నాణేలను కొలిస్తే, 1992లో మొదలైన రకం 25 మిల్లీమీటర్లు, 2011 నాటిది 22, 2019 నాటిది 20 ఉన్నాయి. రెండు నాణేలంత పొడవున్న బల్లి 50 మిల్లీమీటర్లదో 40 మిల్లీమీటర్లదో చూసేవారు ఎలా తేల్చుకుంటారు? పైగా ఫ్లాషుకు నాణెం తళుక్కుమని మెరిసి, చూపును ప్రాణి మీద నిలవనివ్వదు. 2021లో ప్రకటించిన మడగాస్కర్ మరుగుజ్జు ఊసరవెల్లిని వేలి కొన మీద చూపించినట్టు చేయవచ్చుననుకుంటే, అందుకు ప్రాణిని పట్టుకోవాలి. భయపడిన బల్లి తోక వదిలేస్తుంది. నా ఫొటో కోసం దానికి ఆ నష్టం కలిగించడం నాకు సమ్మతం కాలేదు.

దారి పెంచలకోనలో దొరికింది. వెలికొండల్లో పగటిపూట తిరిగే ఒక చిన్న బల్లిని 2020లో నెమాస్పిస్ అవాసబినే అన్న పేరుతో కొత్త జాతిగా ప్రకటించారని చదివి, ఆ రకం బల్లులను చూడాలన్న ఆశతో వెళ్లాను. వాగు పక్కన బండ మీద కనబడినది ఆ జాతిదేనని ఫొటో చూసి చెప్పే అర్హత నాకు లేదు గనుక ఆ మాట చెప్పను. అక్కడ నేను చేసినదల్లా, లెన్సు మీది ఫోకస్ వలయాన్ని ఒకటికి రెండు అన్న గుర్తు దగ్గర కదలకుండా ఉంచి, బల్లి స్పష్టంగా కనబడేదాకా నేనే మెల్లగా ముందుకు వంగడం. ఆ గుర్తు దగ్గర, కెమెరాలో బొమ్మ పడే పలక అయిన సెన్సరు మీద ప్రాణి సగం పరిమాణంలో పడుతుంది. నా కెమెరా సెన్సరు వెడల్పు 23.5 మిల్లీమీటర్లు కాబట్టి, ఆ గుర్తు దగ్గర తీసిన ఫొటోలో ఈ అంచు నుంచి ఆ అంచుకు 47 మిల్లీమీటర్లు పడతాయి. ముందు రోజు ఇంట్లో ప్లాస్టిక్ స్కేలును తీసి సరిచూసుకున్నాను కూడా. ప్రాణి దగ్గర ఏ వస్తువూ పెట్టనక్కరలేకుండా, కొలత ఫొటోలోనే ఉంటుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. బల్లి శరీరం కెమెరాకు వాలుగా ఉంటే ఉన్నదానికంటే పొట్టిగా కనిపిస్తుంది. అంత దగ్గరలో రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే స్పష్టంగా వస్తుంది కాబట్టి, ముక్కు కొసా తోక మొదలూ రెండూ స్పష్టంగా ఉన్న ఫొటోలనే నమ్మాను. మిగిలినవాటిని ఎంత అందంగా వచ్చినా కొలతకు వాడలేదు. తోక తెగి మళ్లీ పెరిగే అవయవం గనుక, శాస్త్రవేత్తల పద్ధతిలో ముక్కు నుంచి తోక మొదట ఉండే మలద్వారం వరకే లెక్కగడితే, ఆ బల్లి 26 మిల్లీమీటర్ల దగ్గర తేలింది.

అయితే పెద్దమ్మకు మిల్లీమీటర్లతో పని లేదు. మరుసటి వానలకు తోటలో గుడ్డిపాము కనబడినప్పుడు ఈ పద్ధతిలో ఒకటి తీసి, తరువాత వెనక్కి జరిగి, పక్కనే రాలి ఉన్న నిమ్మాకు కూడా పడేలా మరొకటి తీశాను. నెల్లూరులో ప్రింటు తీయించేటప్పుడు, పెద్ద బొమ్మ కింద ఒక సెంటీమీటరు గీతను ముద్రింపజేసి, దాని పక్కన అదే పామును సరిగ్గా అది ఉన్నంత పొడవుకు వేయించి, మోటారు గది తలుపుకు అతికించాను. పెద్దమ్మ పెద్ద బొమ్మను ఒక్కసారి చూసి వదిలేసింది. చిన్నదాని మీద మాత్రం చూపుడు వేలు ఆనించి, "నిమ్మాకు కంటే కాస్త పొడుగంతే కదా అబ్బయా" అంటూ చాలాసేపు నిలబడింది.