గుంటూరులోనే పెరిగానని రుజువు చేసుకోవడం: నా అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయుల నియామకాలకు జరిగిన 2025 మెగా డీఎస్సీలో ప్రకటించిన 16,347 పోస్టులలో ఒక ఎస్జీటీ పోస్టు, అంటే ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడి పోస్టు, నాకు వచ్చింది. నియామక పత్రం అందిన దగ్గరనుంచి ఎలా చదివావు, ఏ పుస్తకాలు చదివావు అని అడుగుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. చదువు కష్టమే కానీ, అది నాకు చిన్ననాటి నుంచి అలవాటైన కష్టం. నన్ను నిలువునా కుంగదీసింది ధ్రువపత్రాల పరిశీలనలో ఎదురైన ఒకే ఒక ప్రశ్న: నువ్వు గుంటూరు స్థానికుడివేనా? బడి మానేసి, పనిచేసుకుంటూ ఓపెన్ స్కూల్లో చదువుకున్న ప్రతివారికీ ఆ ప్రశ్న ఎదురవుతుంది కాబట్టి, అప్పుడు పడ్డ బాధ ఇంకా పచ్చిగా ఉండగానే జరిగినదంతా రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట గ్రామం. 2001లో నేను అయిదో తరగతి పూర్తిచేసిన వేసవిలో నాన్న చనిపోయారు. కౌలు అప్పులు తీర్చలేక అమ్మ నన్ను వెంటబెట్టుకుని గుంటూరు వచ్చి, మిర్చి యార్డు సమీపంలో మిరపకాయలకు తొడిమలు తీసే కూలిపనిలో చేరింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ ఘాటుకు ఆమెకు ఆయాసం పట్టుకుంది. 2003లో ఆమె మా మేనమామ ఇంటికి వెళ్ళిపోయింది, నేను మాత్రం గుంటూరులోనే ఉండిపోయాను. నేను కూడా వెళితే మామయ్యకు ఇంకో నోటి భారమవుతానని, ఇక్కడే ఉంటే అమ్మ మందులకు నెలకు వంద రూపాయలైనా పంపగలనని పన్నెండేళ్ళ వయసులో నాకు నేనే నిర్ణయించుకున్నాను. పొద్దున టీ కొట్టులో గ్లాసులు కడిగి కమీషన్ కొట్లకు టీలు మోసేవాడిని, మధ్యాహ్నం కాటాల దగ్గర రాలిన కాయలు ఊడ్చేవాడిని, రాత్రి ఒక కొట్టు వరండాలో ఖాళీ గోతాలు పరుచుకుని పడుకునేవాడిని. తేజ రకం కాయలు వచ్చిన రోజున ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా మంట పోయేది కాదు, పుస్తకం పేజీ తిప్పిన వేలితో పొరపాటున కన్ను నలుపుకుంటే ఆ రాత్రికి ఇక చదువు లేనట్టే. నాకు పదిహేనేళ్ళు వచ్చాక, నా దస్తూరి చూసి, ఒక కొట్టులో టిక్కీల (మిర్చి బస్తాల) బరువులు రాసే పని ఇచ్చారు. నేను రాసిన లెక్కలో ఒక్క కిలో తేడా వచ్చిందని ఏ రైతూ, ఏ వ్యాపారీ ఎన్నడూ అనలేదు.

పదో తరగతి ఓపెన్ స్కూల్లో చేరి, ఆదివారాలు తరగతులకు వెళ్ళి, యార్డుకు సరుకు ముంచెత్తే ఏప్రిల్ నెలలోనే పరీక్షలు రాసి, 2009లో ఉత్తీర్ణుడినయ్యాను. ఇంటర్ కూడా అలాగే పూర్తయింది. ఉపాధ్యాయ శిక్షణ కోర్సు డీఎడ్ చేశాను, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ మొదటి ప్రయత్నంలోనే గట్టెక్కాను. 2018 డీఎస్సీలో కొద్దిలో తప్పిపోయింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన ప్రకటన రద్దయింది. ఆ మధ్యకాలమంతా ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ చదువుతూనే ఉన్నాను.

ఇక పరిశీలన సంగతి. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, 2025 డీఎస్సీలో జిల్లా స్థాయి ఉపాధ్యాయ పోస్టులలో 80 శాతం స్థానికులకు కేటాయించారు. స్థానికత తేల్చడానికి నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. నా దగ్గర ఉన్నవి నాలుగు, అయిదు తరగతులవి మాత్రమే, అవి కూడా ప్రకాశం జిల్లావి. వాటిని చూసిన పరిశీలకుడు, గుంటూరు జిల్లాకు నేను స్థానికేతరుడినని చెప్పి నా ఫైలు పక్కన పెట్టారు. స్థానికేతరుడిగా లెక్కిస్తే నా మార్కులకు పోస్టు రాదు. అయితే అవే ఉత్తర్వులలో నాలాంటివాళ్ళ కోసం ఒక నిబంధన ఉంది: పదో తరగతి పరీక్షకు ముందు నాలుగేళ్ళలో ఏ విద్యాసంస్థలోనూ చదవని వ్యక్తి, ఆ పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో నివసించి ఉంటే, అతడు స్థానికుడే. ఈ సంగతి నేను ముందే చదివి ఉంచుకున్నాను కాబట్టి అక్కడే చెప్పగలిగాను. వారు విని, తహసీల్దారు ఇచ్చిన నివాస ధ్రువపత్రం తెమ్మని నాలుగు రోజుల గడువు ఇచ్చారు. ఈ ఒక్క నిబంధన తెలియక ఎంతమంది పోస్టులు వదులుకుని వెళ్ళిపోయారో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొదటి రోజు నేను వెళ్ళిన రెవెన్యూ కార్యాలయం పేరు రాయను. అక్కడి గుమాస్తా నా దరఖాస్తు చదివి, పదిమంది వింటుండగా గట్టిగా అడిగాడు: "ఏమయ్యా, 2005 నుంచి 2009 దాకా బడిలో లేవు, ఇక్కడ రేషన్ కార్డు లేదు, ఇంటి పన్ను లేదు, కరెంటు బిల్లు లేదు. మరి ఎక్కడున్నావు, జైల్లోనా?" వరుసలో నిలబడినవాళ్ళలో కొందరు నవ్వారు. నాకు ముప్పై నాలుగేళ్ళు, ఏళ్ళ తరబడి పిల్లల చేత మాస్టారూ అని పిలిపించుకున్నవాడిని, అయినా ఆ క్షణంలో గ్లాసులు కడిగే పిల్లవాడిగా మారిపోయి తల దించుకున్నాను. మిర్చి యార్డులో పనిచేశానని చెప్పాను. "బడికి పోవాల్సిన వయసులో పనికి పోవడం నీ తప్పు కాదా?" అని ఇంకో మాట విసిరాడు. దీనికి జవాబు అక్కడ చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. అంతకుముందు నన్ను చేయి పట్టుకుని బడిలో కూర్చోబెట్టడానికి ఎవరూ రాలేదు. పన్నెండేళ్ళ పిల్లవాడు పనిలో ఉంటే, తప్పు వాడిదని అనడానికి నోరెలా వస్తుంది?

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే ఒక దళారి పక్కన చేరాడు. ఆరువేలు ఇస్తే ఆరు నుంచి పది వరకు ఒక ప్రైవేటు బడిలో చదివినట్టు సర్టిఫికెట్లు పుట్టిస్తానని, సాయంత్రానికల్లా చేతిలో ఉంటాయని చెప్పాడు. నిజం చెప్పాలంటే రెండు నిమిషాలు మనసు ఊగింది. కానీ నేను చదవని బడిలో చదివానని రాయించుకుంటే, గోతాల మీద పడుకుని వీధిదీపం వెలుగులో చదివిన ఆ యేళ్ళను నా చేత్తో నేనే కొట్టేసినట్టు అవుతుంది. అది నాకు చేతకాలేదు. దొంగపత్రం ఎప్పటికైనా బయటపడుతుందన్న భయం ఆ తర్వాతిది.

ఆ రాత్రి ఇంట్లో పెట్టె అంతా తిరగేస్తే తపాలా కార్యాలయం పొదుపు ఖాతా పుస్తకం దొరికింది. 2004లో గోతం కింద దాచుకున్న 340 రూపాయలు ఎవరో ఎత్తుకుపోయారని ఏడుస్తుంటే, పదేళ్ళు దాటిన పిల్లలు తమ పేరు మీదే ఖాతా తెరుచుకోవచ్చని తపాలా కౌంటరులోని ఒక ఉద్యోగిని చెప్పారు. ఇల్లు లేదంటే, టీ కొట్టు చిరునామాయే రాయించారు: కేరాఫ్ టీ కొట్టు, మిర్చి యార్డు ఎదురు, గుంటూరు. ఆ రోజు నుంచి దాదాపు ప్రతి నెలా ఇరవయ్యో, ముప్పయ్యో వేశాను. ప్రతి పద్దు పక్కనా తపాలా కార్యాలయం తేదీ ముద్ర ఉంది. అయిదేళ్ళపాటు ఆ పుస్తకంలో నేను గుంటూరులో నెలనెలా ఉన్నాను.

రెండో రోజు ఆ పుస్తకాన్ని రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాను. ఆయన దురుసుగా మాట్లాడలేదు కానీ, ఒక్కొక్క పేజీ వేలితో లెక్కపెట్టి, ప్రతి ఏడూ మే నెలలో పద్దు లేదేమని అడిగారు. యార్డుకు వేసవి సెలవులిచ్చే కాలం అదని, కూలి లేకపోతే నాకు దాచుకునేందుకు ఏమీ మిగిలేది కాదని చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, విచారణకు ఇద్దరు సాక్షులను తీసుకురమ్మన్నారు. మూడో రోజు టీ కొట్టు యజమాని భార్య, డెబ్భై దాటిన హమాలీ మేస్త్రి వచ్చారు. మేస్త్రి తాతకు సరిగా కళ్ళు కనిపించవు. నా భుజం పట్టుకుని మెట్లెక్కి, "వీడు మా వరండాలో పెరిగిన పిల్లోడండీ, వీడు రాసిన కాటా లెక్క మీద నేను ఏనాడూ మళ్ళీ తూకం అడగలేదు" అని చెప్పి పంచనామాపై వేలిముద్ర వేశారు. అదే మొదటి రోజు గుమాస్తా ఆ మాటలు రాసుకున్నాడు. నావైపు చూడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు తహసీల్దారు సంతకం అయింది, అయిదింటికి దాన్ని పరిశీలన కేంద్రంలో ఇచ్చాను, స్థానిక అభ్యర్థిగా నా పేరు ఖరారైంది.

నాలా చదువుకుంటున్నవాళ్ళకు నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటే. మీ పేరు, మీ చిరునామా, ఒక తేదీ ముద్ర ఉన్న ప్రతి కాగితాన్నీ దాచుకోండి. పనిచేసే కొట్టు యజమాని ఇచ్చే ఉత్తరాన్ని నమ్ముకోకండి, దాన్ని ఎవరూ లెక్కచేయరు. ఉద్యోగ ప్రకటన వచ్చేదాకా ఆగకుండా, పదో తరగతి ఫలితం వచ్చిన ఏడాదే నివాస ధ్రువపత్రం తీసుకోండి, సాక్షులు అప్పటికి బతికే ఉంటారు. ఇంకొక సంగతి, పిల్లలకు పని ఇచ్చి పుణ్యం కట్టుకున్నామని చెప్పుకునే యజమానులను నేను చాలామందిని చూశాను. నన్ను ఆదుకున్న టీ కొట్టువాళ్ళను నేను ప్రేమిస్తాను, అయినా వాళ్ళు నాకు పనికి బదులు బడి చూపించి ఉంటే ఇంకా ఎక్కువ ప్రేమించేవాడిని.

యార్డులో పనిచేస్తూ ఈ ఏడు ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చేరిన ఇద్దరు కుర్రవాళ్ళను గత శనివారం తపాలా కార్యాలయానికి తీసుకువెళ్ళి ఖాతాలు తెరిపించాను. ఒకడికి రేషన్ కార్డు మాచర్లలో ఉంది, ఇంకొకడికి ఎక్కడా లేదు. దరఖాస్తులో చిరునామా గడి దగ్గర ఇద్దరూ ఆగి నావైపు చూశారు. ఇప్పుడు ఉంటున్న చోటు ఏదో, దాన్నే పిన్ కోడుతో సహా పూర్తిగా రాయమని చెప్పి, పక్కన నిలబడి రాయించాను.