చెరువు కట్ట మీద గంట

మన పదో తరగతి కలయిక కోసం బడి జ్ఞాపకాలు రాసిమ్మన్న కమిటీ వాళ్ల మెసేజికి జవాబు ఇవ్వకుండా చాలా రోజులు తప్పించుకు తిరిగాను. "మేడమ్ గారూ, రెండు పేజీలు, ఒక ఫొటో, నెలాఖరులోగా" అని మన సైరన్ గాడు పెట్టిన వాయిస్ మెసేజి మా ఆయన చెవిన పడింది. "రాసి పంపెయ్యరాదూ, పాపం గొంతు పోయేలా అరుస్తున్నాడు" అన్నారు. ఆయనకేం తెలుసు, అది వాడి మామూలు గొంతే. అయినా మేడమ్ గారూ ఏంట్రా? తొమ్మిదో తరగతిలో నా జడకి పొరక పుల్లలు గుచ్చినప్పుడు ఎక్కడికి పోయింది ఈ మర్యాద?

బడి జ్ఞాపకాలు రాయమంటే నాకు బడి పెద్దగా గుర్తుకు రావడం లేదు. ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక వేపచెట్టు, ఒక బోరింగు, ఏడో తరగతి కామన్ పరీక్షలనాడు వచ్చిన జ్వరం, అంతే. ఏ సంవత్సరం ఎవరు ఏ బెంచీలో కూర్చున్నారో మన జిలేబిని అడిగితే చెబుతుంది, ఆ పని దానికే వదిలేస్తున్నాను. నాకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుర్తున్న రోజు ఒక్కటే ఉంది. అది బడిలో గడిపింది కూడా కాదు. 1994 సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చిన ఆదివారం, కొండవీడు.

మన బాంబు గాడు ఈపాటికి నవ్వుతూ ఉంటాడు. నవ్వు నాయనా. నీ చెప్పు సంగతి నేను రాయనులే.

సోషల్ మాస్టారు లేకపోతే ఆ ప్రయాణమే లేదు. ప్రీఫైనల్ నెత్తి మీద ఉంది. స్టడీ అవర్లు రాత్రి ఎనిమిదింటి దాకా నడుస్తున్నాయి. అలాంటప్పుడు పదో తరగతి పిల్లల్ని కొండ ఎక్కిస్తానంటే హెడ్మాస్టరు గారు ససేమిరా అన్నారు. పబ్లిక్ పరీక్షలయ్యాక తీసుకెళ్లండి అన్నారట. "అయ్యాక వీళ్లు నాకెక్కడ దొరుకుతారండీ? సగం మంది పెళ్లిపీటల మీద ఉంటారు, సగం మంది మిర్చి కల్లాల్లో ఉంటారు" అన్నారట మన మాస్టారు. ఇదంతా అటెండరు బాబాయి తలుపు పక్కన నిలబడి విని మనకి మోసింది. బాబాయి ఒకటికి రెండు కలిపి చెప్పే మనిషే గానీ ఈ మాట మాత్రం అచ్చంగా మాస్టారిదే. ఆ రెండు జాబితాల్లోనూ మన క్లాసు వాళ్లు ఎంతమంది ఉన్నారో ఇప్పుడు లెక్క చూసుకోండి.

మగపిల్లలకి ఏముంది, చెప్పులేసుకుని వచ్చేశారు. మాకు అలా కాదు. "కొండ మీద ఏముందే, రాళ్లూ తుప్పలూ తప్ప" అన్నాడు మా నాన్న. హిందీ టీచరు గారు స్వయంగా ఇంటికొచ్చి, మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "నా పక్క నుంచి కదలనివ్వనండీ" అని హామీ ఇస్తే గానీ ఒప్పుకోలేదు. ఆడపిల్లల ఇళ్లన్నీ అలాగే తిరిగారు ఆవిడ. ప్రతి ఇంట్లోనూ కాఫీ తాగారంటే ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో. తీరా కొండ మీద మొదటి మలుపులోనే "మీరు పోయి రండమ్మా" అని రాతి మీద కూలబడిపోయారు. పాపం, హామీ హామీలాగే ఉండిపోయింది.

మన కలెక్టరు గాడి ఇంటి ట్రాక్టరు, ట్రక్కులో వరిగడ్డి, గడ్డి మీద మనం. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటే ట్రక్కులో అందరం వరసగా తుమ్ములు. కొండ కింద ముందు గోపీనాథస్వామి గుడి, దాని దగ్గరే కత్తుల బావి. కృష్ణదేవరాయలు రెడ్డి దొరల్ని విందుకి పిలిచి ఒక్కొక్కరినీ కత్తులు పాతిన బావిలో పడేయించాడని అందరికీ తెలిసిన కథే. మగపిల్లలందరూ వంగి కత్తుల కోసం చూస్తున్నారు. మాస్టారు మాత్రం ఆ కథ చెప్పలేదు. "రాయలు ఈ కోటని 1515లో పట్టుకున్నాడు, అది రాసుకోండి. బావి సంగతి పరీక్షలో రాదు" అన్నారు. అంత కత్తిలాంటి కథ పక్కన పెట్టి మనకి సంవత్సరం ఇచ్చిన మనిషి!

అప్పటికి ఘాట్ రోడ్డు లేదు కదా. రాతి మెట్ల దారి, అక్కడక్కడా మెట్లు కూడా లేని దారి. రెండు పక్కలా సీతాఫలం చెట్లు. కాయల కాలం అయిపోయి ఆకులు పండి రాలుతున్నాయి. చెట్టుకి అక్కడొకటి ఇక్కడొకటి నల్లగా ఎండిపోయిన కాయ వేలాడుతుంటే కోయబోయి ముళ్లు గుచ్చుకున్నది ఎవరో ఆ పెద్దమనిషికే తెలుసు. మాస్టారు పంచె ఎగ్గట్టి, చేత్తో గొడుగు పట్టుకుని అందరికంటే వెనకాల నడిచారు. ముందుండి దారి చూపించాలి గానీ వెనకెందుకండీ అంటే "బాంబు గాడు నా ముందుండాలి" అన్నారు.

కోట దర్వాజా దగ్గర ఆగినప్పుడు రాచవేముడి సంగతి చెప్పారు. రెడ్డి రాజుల్లో ఆఖరివాడు, పిల్లలు పుడితే పన్ను కట్టమన్నాడు, పురిటి పన్ను. ఆ కోపంతో సవరం ఎల్లయ్య అనేవాడు రాజుని పొడిచి చంపేశాడట. ఆడపిల్లలం ముఖాలు దాచుకుని నవ్వుతున్నాం. మాస్టారికి చిరాకొచ్చింది. "నవ్వుతారేంటి? ప్రోలయ వేముడు అద్దంకిలో రాజ్యం పెట్టాడు, కొడుకు అనవోతుడు రాజధానిని ఇక్కడికి తెచ్చాడు, పెదకోమటి వేముడు శ్రీనాథుణ్ణి విద్యాధికారిగా పెట్టుకున్నాడు. వందేళ్లు కట్టింది ఒక్క పన్నుతో పోయింది" అన్నారు. తర్వాత క్వశ్చన్ బ్యాంకులో చూశాను, ఇందులో దేనికీ రెండు మార్కులు కూడా లేవు.

పైన బురుజు ఎక్కితే కింద పొలాలు పరిచినట్టున్నాయి. దూరంగా మసకమసగ్గా కోటప్పకొండ. అటు చెయ్యి చూపించగానే సైరన్ "చేదుకో కోటయ్యా" అని ఒక్క కేక పెట్టాడు, పిట్టలన్నీ లేచిపోయాయి. మాస్టారు ఆ కేకని పట్టించుకోలేదు. "శ్రీనాథుడు పల్నాడు పోయి జొన్నకూడు తినలేక తిట్టుకున్నాడు. ఎందుకు తిట్టడు? అప్పటికి సాగర్ లేదు. 1955లో నెహ్రూ గారు శంకుస్థాపన చేస్తే 1967లో ఇందిరా గాంధీ గారు కాలువలకి నీళ్లు వదిలారు. కుడికాలువ రాకముందు ఈ కనిపించేదంతా వాన పడితే పంట, లేకపోతే వలస. మీ తాతల్ని అడగండి" అన్నారు. నేను ఇంటికెళ్లి మా తాతని అడిగాను కూడా. జొన్నన్నం మీద ఆయన చెప్పింది ఇక్కడ అచ్చు వేయలేం.

ఇక అసలు సంగతి. కొండ మీద మూడు చెరువులు కదా, ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. మనం కూర్చున్నది వెదుళ్ల చెరువని నేనంటాను, కాదు ముత్యాలమ్మ చెరువేనని జిలేబి. పోయిన నెల గ్రూపులో దీని మీద అర్ధరాత్రి దాకా కొట్టుకున్నాం, చూశారుగా. ఏ చెరువైతేనేం, పులిహోర పొట్లాలు విప్పబోతుంటే మాస్టారు ఆపారు. స్లిప్ టెస్టులకి తెచ్చే తెల్ల కాగితాలు తలా ఒకటి పంచారు. ఒకళ్లకొకళ్లు మాట వినపడనంత దూరంలో కూర్చోమన్నారు.

"పది తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారో రాసుకోండి. రాయాలనిపించకపోతే మానెయ్యండి. నాకు చూపించొద్దు. మార్కుల్లేవు. గంటసేపు ఎవరూ మాట్లాడొద్దు. పక్కవాడి కాగితం చూసి కాపీ కొట్టారంటే వాడి బతుకు మీకొస్తుంది, జాగ్రత్త."

అలవాటుకొద్దీ పేరు, తరగతి, సెక్షను రాశాను. తర్వాత ఏమీ రాలేదు.

నిజానికి అప్పటిదాకా ఒక్కదాన్నే ఊరికే కూర్చున్నది ఎప్పుడు? ఇంట్లో ఆడపిల్ల మూల కూర్చుంటే ఏమైందే, ఒంట్లో బాలేదా అని అడుగుతారు. బడిలో కూర్చుంటే టీచరు లేపి ప్రశ్న వేస్తారు. కాసేపు ఆకలి. కాసేపు లంగా అంచుకి పట్టుకున్న పల్లేరు కాయలు పీక్కోవడం. తర్వాత, వద్దన్నా వచ్చి కూర్చుంది, మా మేనత్త వాళ్ల మాట. దసరాకి వచ్చినప్పుడే మా అమ్మని కదిలించి పోయారు, పది అవ్వగానే ముహూర్తం పెట్టుకుందామని. బావ మంచివాడే. ఇప్పటికీ మంచివాడే, మొన్న మా గృహప్రవేశానికి వచ్చి అరటి గెలలు కట్టించింది ఆయనే. కానీ ఆ కాగితం మీద ఆ సంగతి రాద్దామంటే నా చెయ్యి సాగలేదు. మరి ఏం రాయాలో తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే ఎవరైనా చూస్తారేమోనని చెరువు వైపు తిరిగి కూర్చున్నాను.

అలా తిరిగి కూర్చోబట్టే కనిపించింది. కట్ట రాళ్ల మీద నీటి మట్టానికి జానెడు ఎత్తున ఒక తెల్లటి చార, చెరువంతా చుట్టి ఉంది. వానాకాలంలో నీళ్లు అక్కడిదాకా వచ్చి ఆగినట్టు. ఒకచోట మాత్రం కట్ట కొంచెం పల్లంగా ఉంది. రాళ్లు నున్నగా అరిగి ఉన్నాయి, వాటి సందుల్లో ఎండిన నాచు. సరిగ్గా చార ఎక్కడుందో ఆ పల్లం కూడా అక్కడే. లేచి వెళ్లి అవతలికి తొంగి చూస్తే కిందికి ఒక వాగు దారి, రాళ్లు తేలి పల్లానికి పోతోంది. చెరువు నిండితే తెగకుండా ఎవరో ముందే లెక్క కట్టి దారి పెట్టారు. ఇంత ఎత్తున, మిషనూ లేదు కరెంటూ లేదు, ఎలా కట్టారు? ఎంత వాన పడుతుందో వాళ్లకి ఎలా తెలుసు? వెదురు పొద మీంచి ఒక లకుముకి పిట్ట దభీమని నీళ్లలో పడి చేపతో లేచింది. నేను ఆ పల్లం బొమ్మ వేయడం మొదలుపెట్టాను. గంట అయిపోయిందని మాస్టారు గొడుగుతో రాతి మీద కొట్టేదాకా తల ఎత్తలేదు.

చూపించొద్దన్న కాగితం తీసుకెళ్లి చూపించాను. మాస్టారు అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "ఇది అలుగు. పై చెరువు నిండితే కింద చెరువులోకి పోవడానికి. ఎంత వెడల్పు పెట్టాలో లెక్క ఉంటుంది, నాకు రాదు. నేను సోషలు. పీఎస్ మాస్టారిని అడుగు" అన్నారు. పీఎస్, అంటే ఫిజికల్ సైన్సు, మాస్టారు అప్పటికే ముందుగా పులిహోర తిని చెట్టు కింద గురక పెడుతున్నారు. ఆ లెక్క నాకు ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో దొరికింది.

మిగతావాళ్ల కాగితాల సంగతి మీకే బాగా తెలుసు. గాలికి ఎగిరిపోయిన కాగితం బాంబు చేతిలో పడటం, దాని మీద ఒకే ఒక్క మాట ఉండటం, అది మొదలు మన వాడు కలెక్టరు అయిపోవడం. ఇవాళ చిలకలూరిపేటలో ఎరువుల షాపు పెట్టి నిజం కలెక్టరు జీతానికి అయిదింతలు సంపాదిస్తున్నాడు, కాబట్టి జాలి పడాల్సిన పని లేదు. బాంబు కాగితంతో పడవ చేసి చెరువులో వదిలాడు. ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. పులిహోర ఎవరు మాయం చేశారన్నది మాత్రం ఈ రోజుకీ తేలలేదు. నా అనుమానం నాకుంది.

దిగడం, పరీక్షలు, పేపర్లో నంబర్లు వెతుక్కోవడం, ఇవన్నీ అందరికీ జరిగినవే. పెళ్లి మాట ఎత్తినప్పుడు "ఇంటరు దాకా చూద్దాం అక్కా" అన్నాడు మా నాన్న మేనత్తతో. ఇంటరు తర్వాత డిగ్రీ దాకా అన్నాడు. ఎందుకు అలా అన్నాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. హిందీ టీచరు గారు ఇంకోసారి కాఫీకి వచ్చారని మాత్రం తర్వాతెప్పుడో మా అమ్మ నోరు జారింది.

అసిస్టెంట్ ఇంజినీరుగా (ఏఈ) చేరి, డిప్యూటీ (డీఈ) అయ్యి, ఇప్పుడు జలవనరుల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుని (ఈఈ). సాగర్ కుడికాలువ కిందే నా పని. కాలువ చివరి భూముల రైతులు ఖాళీ బిందెలతో ఆఫీసు ముందు బైఠాయిస్తే బయటికొచ్చి మాట్లాడేది నేనే. కొత్తగా వచ్చిన రైతులు నా వెనకాల చూస్తూ "ఈఈ గారు లోపలున్నారామ్మా" అని అడుగుతారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు "ఉన్నారు, ముందు నాకు చెప్పండి" అంటాను. మా నాన్న ఉండగా ఒకసారి లాకుల దగ్గరికి తీసుకెళ్లాను. గేట్లు ఎత్తుతుంటే కాసేపు చూసి "మన పొలానికి ఎప్పుడొస్తాయే" అన్నాడు. వరుస ప్రకారం వస్తాయి నాన్నా అన్నాను. ఊళ్లో నలుగురికీ చెప్పుకున్నాడట, "మా అమ్మాయి సొంత నాన్నకి కూడా ముందివ్వదు" అని. తిట్టో పొగడ్తో మా ఊరి వాళ్లకే తెలియాలి.

మాస్టారు ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఈ వ్యాసం రాసే ముందు ఫోన్ చేశాను. కట్ట మీద గంట గుర్తుందా అండీ అంటే గుర్తుందన్నారు. అలుగు బొమ్మ గుర్తుందా అంటే లేదన్నారు. నేను అలుగు వెడల్పు లెక్క ఎలా కడతారో చెప్పబోతే, "నాకెందుకమ్మా, పీఎస్ మాస్టారిని అడగమన్నాను కదా" అన్నారు. ఎనభై దాటాయి, ఇంకా ఆ వేళాకోళం పోలేదు.

కమిటీకి ఒక మనవి. కలయిక ఫంక్షను హాల్లో అని విన్నాను. శాలువాలు, మెమెంటోలు, ఉపన్యాసాలు, అవన్నీ మధ్యాహ్నం పెట్టుకోండి. పొద్దున మాత్రం కొండవీడు వెళ్దాం. ఘాట్ రోడ్డు పడింది కాబట్టి మాస్టారినీ హిందీ టీచరు గారినీ కారులో పైదాకా తీసుకెళ్లొచ్చు, ఈసారైనా ఆవిడ చెరువు చూస్తారు. మోకాళ్ల నొప్పులంటున్న వాళ్లు కూడా కారెక్కండి. మిగతావాళ్లం మెట్ల దారిన వద్దాం. చెరువు ఏదో కూడా అక్కడే తేల్చుకుందాం, జిలేబీ.

తేదీ మాత్రం నన్ను అడిగి పెట్టండి. మార్చిలో అయితే నాకు కుదరదు. వారబందీ, అంటే కాలువ నీళ్లు వంతులవారీగా వదలడం, నడుస్తుంటుంది, చివరి భూములకి నీళ్లు అందేదాకా నాకు సెలవు ఇవ్వరు. ఇచ్చినా నేను రాను.