బీటెక్ మెకానికల్ నుంచి జర్మనీ బేకరీ దాకా: నా అనుభవం

బీటెక్ మెకానికల్ చదివి జర్మనీలో బ్రెడ్డు కాలుస్తున్నానంటే జనం ముందు జోక్ అనుకుంటారు, తర్వాత జీతం ఎంత అని అడుగుతారు, అంకె విన్నాక మాట మార్చేస్తారు. నాకిది అలవాటైపోయింది. ఇక్కడికి రావడానికి భాష, డబ్బు, వీసా అన్నీ కష్టపెట్టిన మాట నిజమే గానీ అన్నిటికంటే ఎక్కువ అడ్డం పడింది నా డిగ్రీనే. ఇంటర్‌తో ఆపేసిన కుర్రాడు బేకరీ పని నేర్చుకుంటానంటే ఎవరూ ఎందుకు అని అడగరు. బీటెక్ వాడు అడిగితే ఇంట్లోవాళ్లు, ఓనరు, వీసా ఆఫీసరు అందరిదీ ఒకటే ప్రశ్న. ఆ ప్రశ్నకి నిలబడే సమాధానం తయారు చేసుకోవడమే ఈ ప్రాసెస్‌లో సగం పని.

మాది తణుకు దగ్గర. కాలేజీ అయ్యాక మా బ్యాచ్‌లో చాలామందిలాగే నేనూ హైదరాబాద్‌లో సపోర్ట్ జాబ్‌లో చేరాను, అమెరికా క్లయింటుకి రాత్రంతా టికెట్లు, అంటే కంప్లయింట్లు, మూయడమే పని. మెకానికల్‌తో సంబంధం లేదు, చేతితో చేసే పని అసలే లేదు. ఎంఎస్‌కి వెళ్దామని జర్మనీ యూనివర్సిటీలు చూస్తుంటే ఆస్‌బిల్డుంగ్ అనే మాట తగిలింది. అంటే జీతం తీసుకుంటూ పని నేర్చుకునే పద్ధతి, కొన్ని రోజులు కంపెనీలో, కొన్ని రోజులు వృత్తి బడిలో, చివర పరీక్ష పాసైతే దేశమంతా చెల్లే సర్టిఫికెట్. నర్సింగ్ నుంచి రైలు నడపడం దాకా మూడు వందల పైచిలుకు వృత్తులున్నాయి. బేకర్‌ది మూడేళ్ల కోర్సు.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు కాబట్టి. స్టూడెంట్ వీసాకైతే 2023లో బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకి ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, 11,208 యూరోలు వేసి చూపించాల్సి వచ్చేది. ఆస్‌బిల్డుంగ్‌కి ఆ మొత్తం అక్కర్లేదు, వచ్చే జీతంతో బతకగలనని చూపిస్తే చాలు, తగ్గితే ఆ తేడా మాత్రం వేరే దారిలో చూపించాలి. 2023లో మొదలైన శిక్షణకి చట్టం ప్రకారం మొదటి ఏడాది కనీస జీతం నెలకి 620 యూరోలు, రెండో ఏడాది దాని మీద 18 శాతం ఎక్కువ, మూడో ఏడాది 35 శాతం ఎక్కువ. నాది దీనికంటే కొంచెం మెరుగే, పైగా బేకరీ మీద ఓ గది తక్కువ అద్దెకి ఇచ్చారు, అందుకే లెక్క కుదిరింది. ఇన్సూరెన్సులు, పెన్షన్ కోతలు పోగా ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. మూడేళ్లూ ఇంటికి పైసా పంపకపోయినా ఫర్వాలేదు అనుకోగలిగితేనే ఈ దారి. చదువు అప్పు ఈఎంఐ నడుస్తుంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

జర్మన్ భాష బీ1, అంటే మధ్యస్థ స్థాయి, దాకా వచ్చి ఉండాలి. గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే జర్మన్ పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ విడివిడి మాడ్యూళ్లు, ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి, పోయినదాన్ని మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. నైట్ షిఫ్ట్ దిగి పొద్దున్నే క్లాసుకి పోయి కూర్చునేవాణ్ణి. గ్రామర్ మనకి పెద్ద ఇబ్బంది కాదు, ఎంసెట్ కోచింగ్ చూసినవాళ్లం, పట్టిక ఇస్తే బట్టీ కొట్టేస్తాం. వినడమే చావు. ఇక్కడికి వచ్చాక తెలిసింది, క్యాసెట్టులో వినిపించే జర్మన్ వేరు, మా బేకరీ మైస్టర్, అంటే పని నేర్పే పెద్ద బేకర్, మాట్లాడే స్వాబియన్ (నైరుతి జర్మనీ) యాస వేరు అని. మొదటి నెలంతా ఆయన ఏం తెమ్మన్నాడో అర్థంకాక పక్కవాళ్ల చేతులు చూసి పని చేశాను.

బేకరీ వెతకడానికి ఏజెన్సీకి డబ్బు కట్టొద్దు. ఒక ఏజెన్సీ నన్ను లక్షల్లో అడిగింది, ఆ డబ్బుకి వాళ్లు చేస్తానన్న పని జర్మనీ ఉపాధి సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఖాళీలు చాలావరకు అక్కడే ఉంటాయి. చేతివృత్తుల సంఘాలు, అంటే హాండ్‌వెర్క్స్‌కామర్లు, వాటికీ సొంతంగా ఖాళీల జాబితాలుంటాయి. బేకరీల పరిస్థితి ఏంటంటే వాళ్లకి మనుషులు దొరకడం లేదు. అర్ధరాత్రి లేవాలి, శనివారం పని, జీతం అంతంతమాత్రం, అక్కడి పిల్లలు రారు. దేశంలో మొత్తం బేకరీ సంస్థల సంఖ్య ఇప్పటికే పది వేల కిందికి దిగిపోయింది. కాబట్టి మెయిల్ పెడితే సమాధానమైతే వస్తుంది. కాకపోతే ఆ సమాధానాల్లో ఎక్కువ భాగం ఒకటే ధోరణి: మీరు ఇంజనీరు కదా, మా దగ్గర ఆరు నెలలుండి కార్ల ఫ్యాక్టరీకి వెళ్లిపోరని ఏంటి నమ్మకం?

న్యాయమైన అనుమానమే. దీనికి మాటలతో సమాధానం లేదని అర్థమై ఉద్యోగం మానేసి తణుకులో ఒక బేకరీలో హెల్పర్‌గా చేరాను. ఎగ్ పఫ్‌లు, దిల్‌పసంద్, బన్నులు, పుట్టినరోజు కేకులు. మైదా బస్తా ఎత్తడం దగ్గర్నుంచి ట్రేలు కడగడం దాకా అన్నీ చేశాను. మా కాలనీవాళ్లే వచ్చి పఫ్‌లు కొనుక్కుంటూ 'నువ్వేంటిరా ఇక్కడ?' అనేవాళ్లు. మావయ్య ఇంటికొచ్చి మరీ నాన్నని నిలదీశాడు, 'ఏం బావా, లక్షలు పోసి చదివించింది రొట్టెలు కాల్చడానికా?' అని. నాన్న రైస్ మిల్లులో సూపర్‌వైజరు, తక్కువ మాట్లాడతాడు. 'కాల్చనీ, మాడ్చకుండా ఉంటే చాలు' అన్నాడు. అమ్మ మాత్రం ఇప్పటికీ పెళ్లి సంబంధాలవాళ్లకి ఫుడ్ టెక్నాలజీ అనే చెబుతోంది.

ఆ బేకరీ ఓనరు ఇచ్చిన లెటరు, నేను పిండి కలుపుతున్న ఫొటోలు, ఓ చిన్న వీడియో పంపాక మాటల తీరు మారింది. ఇప్పటి మా మైస్టర్ వీడియో కాల్‌లో నా డిగ్రీ గురించి ఒక్క ముక్క అడగలేదు. చేతులు చూపించమన్నాడు. ఓవెన్ ట్రే తగిలి కాలిన మచ్చలు చూసి నవ్వి, పొద్దున రెండింటికి లేవగలవా అన్నాడు. నైట్ షిఫ్ట్ నాకు కొత్త కాదని చెప్పాను.

కాంట్రాక్టు చేతికొచ్చాక అసలు టెన్షన్ వీసా. ఇక్కడ రెండు విషయాలు పనికొచ్చాయి. ఒకటి, ఫాస్ట్‌ట్రాక్ పద్ధతి. జర్మనీలో ఓనరే వాళ్ల ఊరి విదేశీయుల ఆఫీసుకి వెళ్లి 411 యూరోలు ఫీజు కట్టి ముందస్తు అనుమతి తెప్పిస్తాడు, అది వచ్చాక మనకి అపాయింట్‌మెంట్ మూడు వారాల్లో ఇవ్వాలి. మా మైస్టర్‌కి దీని గురించి వాళ్ల చేతివృత్తుల సంఘంవాళ్లే చెప్పారట. ఓనరుతో మొదట్లోనే ఈ మాట ఎత్తండి, శిక్షణ సెప్టెంబర్‌లో మొదలైపోతుంది కాబట్టి వీసా కోసం కూర్చుంటే ఏడాది పోతుంది. రెండోది, ఎందుకు వెళ్తున్నానో రాసే ఉత్తరం. నేను చూసిన నమూనాలన్నీ ఒకేలా ఉన్నాయి, జర్మనీ సంస్కృతి అంటే ప్రాణం, చిన్నప్పటి నుంచి బ్రెడ్డంటే పిచ్చి వగైరా. తణుకులో పుట్టినవాడికి చిన్నప్పటి నుంచి రై (గోధుమలాంటి ఓ ధాన్యం) బ్రెడ్డు మీద పిచ్చేంటి, ఎవరు నమ్ముతారు? నేను ఉన్నదున్నట్టు రాశాను. ఈ డిగ్రీతో ఏ ఉద్యోగం వచ్చింది, అందులో ఏం చేశాను, దాన్ని వదిలి బేకరీలో ఎంత జీతానికి చేరాను, మూడేళ్ల తర్వాత ఏం చేస్తాను, తిరిగొస్తే మా జిల్లాలో ఈ పని ఎలా ఉపయోగపడుతుంది. జీతం స్లిప్పులు, బేకరీ లెటరు జతచేశాను. హైదరాబాద్‌లో కాగితాలు ఇచ్చేటప్పుడు, తర్వాత చెన్నై కాన్సులేట్ నుంచి వచ్చిన ప్రశ్నల్లో కూడా తిరిగి తిరిగి అదే 'ఎందుకు' అన్న ప్రశ్న. కాగితం మీద ఉన్నదే నోటితో చెప్పాను.

ఇక పని. మొదటి రోజుల్లో నాకు ఇచ్చింది బ్రేట్సెల్, ముడిలా మెలేసి కాల్చే చిన్న బ్రెడ్డు. సన్నగా పొడుగ్గా ఉన్న పిండి తాడుని రెండు కొసలూ పట్టుకుని గాల్లో ఒక్క విసురుతో మెలేసి బల్ల మీద పడేస్తారు, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. మధ్యలో లావుగా, చేతులు సన్నగా రావాలి, ఆ లావు భాగం మీద బ్లేడుతో గాటు పెట్టాలి, స్వాబియన్ పద్ధతి అది, బవేరియాలో గాటు పెట్టరు. దాన్ని నాలుగు శాతం లోపు కాస్టిక్ సోడా నీళ్లలో ముంచి కాలుస్తారు, ఆ గోధుమరంగు మెరుపు, రుచి దాన్నుంచే. కాస్టిక్ సోడా అంటే మన డ్రైనేజీ పైపులు శుభ్రం చేసేదే. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా దగ్గరికి రానివ్వరు. నావి చాలా వారాల పాటు అమ్మకానికి పనికిరాలేదు, ఆరిపోయాక పొడి చేసి బ్రెడ్‌క్రంబ్స్‌లో కలిపేవాళ్లు.

ఇంజనీరింగ్ వేస్టయిందా అంటే కాలేదు. ఇక్కడ పిండికి నంబరుంటుంది, 550 అంటే వంద గ్రాముల పొడి పిండి కాలిస్తే సుమారు 550 మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందని, రై పిండిలో ఎక్కువగా వాడేది 1150. పిండి ముద్ద 26 డిగ్రీల దగ్గర రావాలంటే పొడి పిండి ఎంత వేడిగా ఉంది, మిక్సరు రాపిడికి ఎన్ని డిగ్రీలు పెరుగుతుంది చూసి నీళ్ల వేడి లెక్క కట్టాలి, ఎండాకాలం ఐసు వేస్తాం. రై పిండిలో గోధుమలాగా గ్లూటెన్ (పిండిని సాగేలా చేసే ప్రోటీన్) జాలీ కట్టదు, పైగా అందులోని ఎంజైములు కాలేటప్పుడే స్టార్చిని తినేస్తాయి, ఆపకపోతే లోపల బంకబంకగా ఉండిపోతుంది, ఆపేది పులుపే. అందుకే పులిసిన పిండిని మూడు దశల్లో పెంచుతారు, మొదటిదాంట్లో ఈస్ట్ కోసం, రెండోదాంట్లో ఘాటైన పులుపు కోసం, మూడోదాంట్లో మెత్తటి పులుపు కోసం, ఒక్కో దశకి వేరే వేడి, వేరే సమయం. ఇదంతా అమ్మకి ఫోన్లో చెబితే ఆవిడ సగంలోనే ఆపి, 'ఇడ్లీ పిండే కదరా, చలికాలం పొంగకపోతే ఏం చేస్తారు మరి?' అంది. వేడి, తేమ రెండూ కొలిచిపెట్టే గది ఉంటుందన్నాను. స్టవ్ పక్కన పెడితే సరిపోయేదానికి గది ఎందుకంది.

వృత్తి బడిలో నా పక్కన కూర్చునేవాళ్లకి పదిహేడేళ్లు. చట్టం ప్రకారం ఆ వయసు పిల్లలు నాలుగింటికి ముందు బేకరీకి రాకూడదు, పదహారేళ్లవాళ్లు అయిదింటికి ముందు, కాబట్టి రెండింటి షిఫ్ట్ నాలాంటి పెద్దవాళ్లకే. లెక్కల్లో నన్ను కొట్టేవాడు లేడు, శాతాలు, తూకాలు నోటితోనే చెప్పేస్తాను. జర్మన్ రాజ్యాంగం, కార్మిక చట్టం పాఠాల్లో మాత్రం వెనక బెంచీ. ప్రతి వారం ఏం పని చేశామో రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం చేయించుకోవాలి, అది లేకపోతే చివరి పరీక్షకి కూర్చోనివ్వరు. మన ల్యాబ్ రికార్డులే, కాకపోతే ఇక్కడ సీనియర్ దగ్గర కాపీ కొట్టడం కుదరదు.

కష్టం ఎక్కడంటే ఒంటికి, మనసుకి రెండింటికీ. సాయంత్రం ఏడింటికి పడుకోవాలి, ఎండాకాలం ఆ టైముకి ఇంకా ఎండే. మన వాళ్లు స్టుట్‌గార్ట్‌లో ఉగాదికి కలుస్తారు, వెళ్లినా మధ్యలోనే ఆవలింతలు. శిక్షణ మొదట్లో ఒకటి నుంచి నాలుగు నెలల దాకా ప్రొబేషన్ ఉంటుంది, ఆ సమయంలో ఎవరైనా ఎవరినైనా వదిలేయొచ్చు, మనకి కాంట్రాక్టు పోతే వీసా కూడా ప్రమాదంలో పడుతుంది. ఆ నెలలు జ్వరమొచ్చినా చెప్పడానికి భయపడ్డాను, తర్వాత తెలిసింది డాక్టర్ చీటీ తెస్తే అసలు ఎవరూ ఏమీ అనరని.

ఇప్పుడు మూడో ఏడాది. పాసయ్యాక ఇక్కడే ఉంచుకుంటామన్నారు, అలా రెండేళ్లు పనిచేస్తే శాశ్వత నివాసానికి అప్లై చేయొచ్చు. మైస్టర్ కోర్సు కూడా మనసులో ఉంది, జర్మనీ అర్హతల పట్టికలో అది బ్యాచిలర్ డిగ్రీతో సమానంగా ఆరో మెట్టు మీద ఉంటుంది. అంటే తిరిగి తిరిగి మళ్లీ బీటెక్ మెట్టుకే వస్తానన్నమాట, మావయ్యకి ఇది నేను చెప్పను గాక చెప్పను. ముందు వేసవిలో ప్రాక్టికల్ పరీక్ష ఉంది, బ్రెడ్లు, చిన్న బన్నులు, తీపి రకాలు, అల్లిన బ్రెడ్డు అన్నీ టైము లోపల చేసి చూపించాలి. నా చేతికి ఇంకా లొంగనిది ఆ అల్లిక. ఆరు పాయల్లో నాలుగోది ఎప్పుడూ కింద ఉండిపోతోంది, అందుకని ఈస్ట్ వేయని పిండి ముద్ద ఒకటి గదికి తెచ్చుకుని ఆదివారాలు దాన్నే అల్లుతూ, విప్పుతూ ప్రాక్టీస్ చేస్తున్నాను.