షిఫ్ట్ ఎంటర్ నొక్కితే మెట్లెక్కిన నా కోడ్

అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థలో డేటా సైన్స్ కోర్సుకు చేరినప్పుడు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను, కోడ్ రాసుకునే ఎడిటరైన విజువల్ స్టూడియో కోడ్‌లోనే వరుస వరుసగా నడిపి చూడటం నేర్పుతామన్నారు. ఇన్‌స్టలేషన్‌కు, కోడ్‌ను చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్‌ను ఎంచుకోవడానికి ఏ ఇబ్బందీ కలగలేదు. నాలుగు వరుసలు సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎంటర్ నొక్కితే అవి కింద తెరుచుకున్న టెర్మినల్‌ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) లోకి వెళ్లి అక్కడికక్కడే ఫలితం చూపడం నాకు ఎంతో నచ్చింది.

చిక్కు ఫంక్షన్ల దగ్గర మొదలైంది. కరెంటు బిల్లుల సరాసరి కట్టే చిన్న ఫంక్షన్‌ను టెర్మినల్‌కు పంపగానే ఇండెంటేషన్ ఎర్రర్, అంటే వరుసల ముందుండే ఖాళీలు సరిగా లేవన్న సందేశం, వచ్చింది. అదే ఫైలును పైనున్న రన్ బటన్‌తో మొత్తంగా నడిపితే ఏ లోపమూ లేకుండా నడిచింది. ఈ సంగతి చెప్పబోతే మా ట్రైనర్ పూర్తిగా వినకుండానే, నేను ట్యాబులూ స్పేసులూ కలిపేశానని తేల్చి, "బేసిక్స్ రాకుండా డేటా సైన్స్ ఎందుకండీ?" అని క్లాసు మొత్తానికీ వినిపించేలా అన్నారు. ఖాళీలను చుక్కలుగా చూపే సెట్టింగు ఆన్ చేసి, ఒక్క ట్యాబు కూడా లేదని చూపించబోయాను. ఆయన స్క్రీన్ వైపు చూడనైనా చూడలేదు. ఎర్రర్ సందేశం చదవకుండా విద్యార్థి ముఖం చూసి తీర్పు చెప్పేవారు ఏ ఊళ్లో పాఠం చెప్పినా ఒకటే.

ఇంటికి వచ్చి ఆ ఫంక్షన్‌ను టెర్మినల్‌లో చేత్తోనే టైపు చేశాను. మొదటి వరుస చివర కోలన్ పెట్టి ఎంటర్ నొక్కగానే కర్సర్ తనంతట తానే 4 ఖాళీలు జరిగి నిలబడింది. గుట్టు అక్కడే ఉంది. 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13లో పైపై (PyPy) అనే ప్రాజెక్టు కోడ్ ఆధారంగా కొత్త ఇంటరాక్టివ్ షెల్, అంటే టైపు చేసిన కోడ్‌ను వెంటనే నడిపి చూపే భాగం, పెట్టారు. అది ఇండెంటేషన్‌ను తానే వేస్తుంది. ఎడిటర్ నుంచి వచ్చే వరుసల్లో ఇండెంటేషన్ అప్పటికే ఉంటుంది కనుక, నా విండోస్ ల్యాప్‌టాప్‌లో రెండూ కలిసి రెండో వరుస 8 ఖాళీల దగ్గర, దాని కిందే నిలవాల్సిన మూడో వరుస 12 ఖాళీల దగ్గర పడి, కోడ్ మెట్లలా పక్కకు జరుగుతూ పోయింది. పాత 3.11తో నడిపితే ఈ బెడద లేదు. క్లాసులో మరెవరూ పట్టుకోలేకపోయిన ఈ సంగతిని నేను పట్టుకున్నానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

చేత్తో అతికించేటప్పుడైతే ముందుగా ఎఫ్3 నొక్కి పేస్ట్ మోడ్‌లోకి వెళ్తే సరిపోతుంది. ఎడిటర్ నుంచి పంపేవారు పైథాన్, బేసిక్, ఆర్‌ఈపీఎల్ అనే మూడు మాటలను పెద్ద అక్షరాల్లో, అండర్‌స్కోర్లతో కలిపి రాసిన (PYTHON_BASIC_REPL) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు, అంటే ప్రోగ్రాములు మొదలయ్యేటప్పుడు చదువుకునే సెట్టింగుకు, 1 విలువ ఇవ్వాలి; అప్పుడు పాత తరహా షెల్ తెరుచుకుంటుంది. ఎడిటర్ సెట్టింగుల్లో టెర్మినల్‌కు ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ విభాగంలోనే దీన్ని రాసుకోవచ్చు. అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్‌కు ఈ మార్పు తెలియదు కనుక, చెత్తబుట్ట గుర్తు నొక్కి దాన్ని మూసి కొత్తది తెరవాలి. రంగులూ, పాత ఫంక్షన్‌ను మొత్తంగా వెనక్కి తెచ్చుకుని దిద్దే వీలూ పోతాయి గానీ, నాకు వాటికన్నా కోడ్ నడవడమే ముఖ్యం.

మరుసటి క్లాసులో ఇదంతా చేసి చూపిస్తే మా ట్రైనర్, "అందుకే పాత వెర్షన్ వేసుకోమన్నాను" అన్నారు. ఆ సంస్థ మాకు పంపిన ఇన్‌స్టలేషన్ సూచనల్లో, అన్నిటికన్నా కొత్త వెర్షనే వేసుకోవాలని ఇప్పటికీ ఉంది.