ఎస్9 లేని ప్లేట్

బుధవారం. రసాయనం జన్యువును మారుస్తుందేమో బ్యాక్టీరియాతో చూసే ఏమ్స్ పరీక్ష కోసం సోమవారం పోసిన ప్లేట్లకు 48 గంటలు నిండాయి. పొగాకు పొగలో ఉండే క్యాన్సర్ కారకం బెంజోపైరీన్ వేసిన రెండింటిని పక్కపక్కన పెట్టి వెలుతురుకెత్తి చూస్తే, రెండింట్లోనూ ఉన్నది 5 మైక్రోగ్రాములే, రెండింట్లోనూ టీఏ100 రకం సాల్మొనెల్లాయే. హిస్టిడిన్ లేకుండా పెరగలేని ఈ బ్యాక్టీరియా కాలనీ కట్టిందంటే దాని జన్యువు మారిందన్నమాట. ఎస్9 కలపని ప్లేట్‌లో వాటంతటవే వచ్చే కాలనీలే, వందకు అటూ ఇటూ. కలిపినదాంట్లో కిక్కిరిసిపోయాయి. తేడా అంతా ఎలుక కాలేయాన్ని నూరి, 9000 జి (గురుత్వానికి 9000 రెట్లు) వద్ద తిప్పితే పైన మిగిలిన ద్రవంలో ఉంది. అదే ఎస్9.

బెంజోపైరీన్ ఉన్నదున్నట్టుగా డీఎన్ఏకు అతుక్కోదు. ఐదు వలయాల బల్లపరుపు అణువు, నీళ్లంటే పడదు, కొవ్వులో దాక్కుంటుంది. పైత్యరసంలోనో మూత్రంలోనో బయటికి పోవాలంటే దానికి ఆక్సిజన్ తగిలించాలి. కణంలో ఇలాంటి అణువులను పసిగట్టే ఏహెచ్ రిసెప్టర్‌కు అది తగలగానే కణం ఆక్సిజన్ తగిలించే సీవైపీ1ఏ1, సీవైపీ1బీ1 ఎంజైములను ఎక్కువగా తయారుచేస్తుంది. ఎలుకకు ముందే ఫీనోబార్బిటాల్, బీటా నాఫ్తోఫ్లేవోన్ ఇచ్చేదీ ఎంజైములు పెరగడానికే. ఇవ్వని కాలేయంతో కాలనీలు అంతంతమాత్రం.

సీవైపీ మొదట 7, 8 కార్బన్ల మధ్య ఆక్సిజన్ పెట్టి ఎపాక్సైడ్ అనే మూడు మూలల వలయం కడుతుంది. ఎపాక్సైడ్ హైడ్రోలేజ్ నీటితో ఆ ఎపాక్సైడ్‌ను తెరిచి డయాల్‌గా, అంటే రెండు ఓహెచ్ గుంపులున్న అణువుగా మారుస్తుంది. ఇక్కడ గ్లూకురోనిక్ ఆమ్లం తగిలితే నీళ్లలో కరిగి బయటికి పోతుంది, కథ కంచికి. తగలకపోతే సీవైపీ అదే అణువును మళ్లీ పట్టుకుని 9, 10 దగ్గర ఇంకో ఎపాక్సైడ్ పెడుతుంది. చిక్కంతా ఇక్కడే. ఈ చోటు వలయాల మధ్య ఒంపులో ఉంది, హైడ్రోలేజ్‌కు సరిగా అందదు. ఎపాక్సైడ్ తెరుచుకున్నప్పుడు పదో కార్బన్ మీద పుట్టే ధనావేశం వలయాలన్నిటికీ పరుచుకుని నిలుస్తుంది, డీఎన్ఏలోని గ్వానైన్ ఎన్2 అమైనో గుంపు వచ్చి దానికి అతుక్కుంటుంది. 1974కు ముందు చాలామంది అనుమానం 4, 5 స్థానాల మీద ఉండేది. అక్కడి ఎపాక్సైడ్‌ను హైడ్రోలేజ్ ఇట్టే విప్పేస్తుంది.

అతుక్కున్న ముద్దను మరమ్మతు ఎంజైములు కోసి తీసేయకపోతే, డీఎన్ఏ నకలు తీసేటప్పుడు దాని ఎదురుగా సైటోసిన్ బదులు ఎడినైన్ పడుతుంది. ఆ తర్వాతి నకలులో గ్వానైన్ చోట థైమీన్. పొగతాగేవారి ఊపిరితిత్తుల కణుతుల్లో, కణుతులను అడ్డుకునే పీ53 జన్యువు ఎక్కువగా చెడే 157, 248, 273 కోడాన్ల దగ్గరే ఈ అణువు అతుక్కుంటుందని 1996లో తేలింది.

కాలనీలు రాకపోతే బెంజోపైరీన్‌ను తప్పుపట్టే ముందు ఎస్9 మిశ్రమాన్ని చూడాలి. ఎన్ఏడీపీ 4 మిల్లీమోలార్, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ 5 మిల్లీమోలార్. ఏ ఒక్కటి మరిచినా సీవైపీకి ఎలక్ట్రాన్లు అందవు. కరిగించిన ఎస్9 ఐసు మీదే ఉండాలి. పై అగర్ 45 డిగ్రీలు దాటకూడదు. ఎస్9 పనిచేస్తోందో లేదో చూసే కంట్రోల్‌గా వేసిన 2-అమైనోఆంత్రసీన్ ఒక్కటే నెగ్గిందని సంబరపడితే మోసపోతాం. సీవైపీ నీరసంగా ఉన్నా అది నెగ్గొచ్చు. ఎస్9 బ్యాచ్‌ను బెంజోపైరీన్‌తోనూ పరీక్షించి ఉండాలి. ఇక వెనకాల సన్నని పొరలా పరుచుకోవాల్సిన పెరుగుదల పలచబడి, సూదిమొనంత చుక్కలు కనిపిస్తే అవి మారిన బ్యాక్టీరియా కాదు. విషానికి చాలావరకు చచ్చిపోగా, పై అగర్‌లో వేసిన కాస్త హిస్టిడిన్‌లో మిగిలినదాంతో బతికినవి. వాటిని లెక్కలో కలపకూడదు.

ఎస్9 ప్లేట్‌ను చూసి సీవైపీ1ఏ1నే దోషి అనేయడం మాత్రం తొందరపాటు. ఈ మిశ్రమంలో గ్లూకురోనిక్ ఆమ్లం అందించే యూడీపీజీఏ వేయం. ప్లేట్ చూపేది సగం దారే. సీవైపీ1ఏ1 జన్యువు తీసేసిన చిట్టెలుకలకు బెంజోపైరీన్ నోటి ద్వారా ఇస్తే, మామూలు చిట్టెలుకల కంటే అవే ఎక్కువ దెబ్బతిన్నాయి. పేగులో, కాలేయంలో దాన్ని త్వరగా వదిలించేదీ ఆ ఎంజైమే మరి.

లెక్క అయ్యాక ఈ ప్లేట్లు రసాయన వ్యర్థాల డబ్బాలోకి. ఆటోక్లేవ్ వేడికి సాల్మొనెల్లా చస్తుంది గానీ బెంజోపైరీన్ అలాగే ఉంటుంది. బెంజోపైరీన్‌ను డీఎంఎస్‌ఓ ద్రావణిలో కరిగించిన సీసా ముట్టుకున్న గ్లవుజులు కూడా అందులోకే.