తొడుగు చేసే పని

భోజనం తర్వాతి తరగతి, పైగా తిరుపతి ఏప్రిల్ ఎండ. ఎంఎస్సీ విద్యార్థులు సగం నిద్రలో ఉంటారని తెలుసు కాబట్టి, నానోట్యూబ్ సెన్సర్ల (తమ వెలుగులో వచ్చే మార్పుతో అణువులను పసిగట్టే సన్నని కార్బన్ గొట్టాల) పాఠాన్ని ఈరోజు సెల్‌ఫోన్ టార్చితో మొదలుపెట్టాను. కిటికీలు మూయించి, టార్చికి వేలు ఆనించి చూడమన్నాను. నెత్తురులోని హిమోగ్లోబిన్ నీలి, ఆకుపచ్చ కాంతులను చాలావరకు పీల్చుకుంటుంది గనుక వేలు ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపును దాటిన సమీప పరారుణ కాంతి కణజాలంలో మరింత లోతుకు పోగలదు. చెదరడం తక్కువ, కణజాలం తనంతట తాను వెలువరించే కాంతి కూడా అక్కడ తక్కువ. ఒంటిగోడ కార్బన్ నానోట్యూబులు, అంటే ఒకే పొర కార్బన్ పరమాణువులతో చుట్టిన గొట్టాలు, సరిగ్గా ఈ సమీప పరారుణంలోనే, సుమారు 900 నుంచి 1600 నానోమీటర్ల మధ్య ప్రతిదీప్తిని (కాంతిని పీల్చుకుని తిరిగి వెలువరించే వెలుగును) ఇస్తాయి, పైగా మామూలు రంగు అణువుల్లా కాంతికి వెలిసిపోవు.

ఈ వెలుగు 2002 దాకా ఎవరికీ చిక్కలేదు. తయారైన గొట్టాల్లో దాదాపు మూడో వంతు లోహ స్వభావం కలవి. గొట్టాలన్నీ కట్టలుగా అంటుకుని ఉన్నప్పుడు ఆ లోహ గొట్టాలు పక్కనున్న అర్ధవాహక గొట్టాల కాంతిని ఆర్పేస్తాయి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో స్మాలీ, వైస్మన్ బృందాలు సబ్బు స్వభావం గల సోడియం డోడెసిల్ సల్ఫేట్‌తో వాటిని నీటిలో దేనికది విడదీసిన తర్వాతే ప్రతిదీప్తి కనిపించింది. పత్రికలు గొట్టం సన్నదనాన్ని చూసి మురిసిపోతాయి గాని, నా లెక్కలో ఈ కథకు నాయకుడు గొట్టాన్ని చుట్టి ఉండే తొడుగే. 2003లో డీఎన్ఏ పోగు కూడా గొట్టానికి చుట్టుకుని దాన్ని నీటిలో నిలబెడుతుందని తేలింది. విడదీయడానికి వేసిన ఆ తొడుగే ఆ తర్వాత అణువులను గుర్తుపట్టే పనికీ వచ్చింది. మెదడులో సంకేతాలను మోసే డోపమిన్‌ను పట్టే సెన్సర్ అలాంటిదే.

"ఎంజైమ్ ఏమీ పెట్టలేదు కదా సార్, డోపమిన్ వచ్చిందని దానికెట్లా తెలుస్తుంది?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. గొట్టంలోని ప్రతి కార్బన్ పరమాణువూ ఉపరితలం మీదే ఉంటుంది కాబట్టి, తొడుగులో కొద్దిపాటి కదలిక వచ్చినా వెలుగు మారుతుంది. గ్వానిన్, థైమిన్ అనే డీఎన్ఏ అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటిగా ఉండే పోగు చుట్టినప్పుడు డోపమిన్ తగిలితే కాంతి పెరుగుతుంది. ఆ పోగు విడిగా గాని, గొట్టం విడిగా గాని ఈ పని చేయలేవు. అయితే డోపమిన్‌ను పోలిన నారెపినెఫ్రిన్ అనే మరో సంకేత అణువుకు కూడా ఇదే సెన్సర్ స్పందిస్తుందని చెప్పగానే విద్యార్థుల ముఖాలు చిన్నబోయాయి. నాకు మాత్రం పాఠంలో అదే అన్నిటికన్నా ముఖ్యం. 2019లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని ఎలుక మెదడులోని స్ట్రయేటమ్ అనే భాగపు ముక్కల్లో వాడారు. అక్కడ డోపమిన్ అధికం, నారెపినెఫ్రిన్ చాలా తక్కువ. సెన్సర్ తేల్చలేని విషయాన్ని శరీరశాస్త్రం తెలిసిన మనిషి తేల్చాడన్నమాట.

"మా నాయనకు రోజూ వేలు పొడుచుకునే బాధ తప్పుతుందా సార్?" అని పలమనేరు కుర్రాడు అడిగాడు. ఈ గొట్టాలతో గ్లూకోజు సెన్సర్‌ను అమెరికా శాస్త్రవేత్త మైఖేల్ స్ట్రానో బృందం 2005లోనే చూపించింది, 2013లో ఎంఐటీలో అదే బృందం నైట్రిక్ ఆక్సైడ్ సెన్సర్‌ను ఆల్జినేట్ అనే మెత్తటి జెల్‌లో పెట్టి ఎలుక చర్మం కింద 400 రోజులకు పైగా పనిచేయించింది. కానీ ఎలుక చర్మం పలచన. మనిషిలో మరింత లోతు నుంచి వచ్చే బలహీనమైన కాంతిని పట్టాలి, గొట్టాలు ఏళ్ల తరబడి శరీరంలో ఉంటే ఏమవుతుందో తేల్చాలి. అందుకే ఆ అబ్బాయికి మాట ఇవ్వలేదు. ప్రస్తుతానికి నాయనగారి గ్లూకోమీటరును వదలవద్దన్నాను.

తరగతి అయ్యాక ఆ అమ్మాయి ప్రాజెక్టు కావాలని వచ్చింది. సమీప పరారుణాన్ని పట్టే ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరా మా విభాగం కొనగలిగేది కాదు, సిలికాన్ కెమెరాకేమో 1000 నానోమీటర్లు దాటితే చూపు దాదాపు ఆగిపోతుంది. అయినా గొట్టాలు విడివడ్డాయో లేదో తెలుసుకోవడానికి కాంతి శోషణను కొలిచే మా పాత స్పెక్ట్రోఫోటోమీటరు చాలు: కట్టలుగా ఉంటే శోషణ శిఖరాలు మొద్దుబారి వెడల్పుగా ఉంటాయి, విడివడితే పదునుగా విడివిడిగా కనిపిస్తాయి. మొదట సోడియం డోడెసిల్ సల్ఫేట్‌తో ప్రయత్నించి, అది కుదిరితే డీఎన్ఏకు వెళ్దామన్నాను. ధ్వని తరంగాలతో గొట్టాలను విడదీసే సోనికేటరు వాడుకోవడానికి భౌతికశాస్త్ర విభాగాన్ని రేపు అడగాలి.